టీకాల మంచిచెడ్డలు: ఆ పద్దు ఎవరి దగ్గరుండాలి?

(రేడియోలో స్త్రీల కార్యక్రమానికి రాసిన ప్రసంగ పాఠం)



ఇల్లు నడిపే ఆడవాళ్ళకు పద్దు రాయటం ఒకరు నేర్పనక్కర్లేదు. పాలవాడు నాగా పెట్టిన రోజులకు కేలండరు మీద సున్నలు చుట్టి ఉంటాయి. చాకలి పద్దు తలుపు వెనక వేలాడుతూ ఉంటుంది. నెలాఖరున పాలవాడొచ్చి "ముప్ఫై రోజులూ పోశానమ్మా" అంటే మనం నోటితో వాదించం, కేలండరు చూపిస్తాం. పద్దు ఇద్దరి కళ్ళకూ ఆనేచోట ఉంది గనక తగాదా పెరగదు. అదే కేలండరు పాలవాడి ఇంట్లో, అతని పెట్టెలో ఉంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

పిల్లలకు మనం వేయించే టీకాలకు కూడా ఇలాంటి పద్దు ఒకటి ఉండాలి. ఎంతమందికి వేశారు, ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరికి ఫిట్స్ వచ్చాయి, ఎవరి ప్రాణానికైనా ముప్పు వచ్చిందా, వస్తే కారణమేమిటి అన్న పద్దు. అది డాక్టర్ల బీరువాలోనే ఉండాలా? సర్కారు ఫైళ్ళలోనే ఉండాలా? బిడ్డను ఎత్తుకుని వరసలో నిలబడే తల్లి కూడా చూడవచ్చునా? ఇది నిన్న మొన్న పుట్టిన ప్రశ్న అనుకుంటాం. కాదు. మన హైదరాబాదు పాతబస్తీకీ ఈ ప్రశ్నకూ నూట ముప్ఫై ఏళ్ళు దాటిన సంబంధం ఉంది. ఐతే ఆ కథ టీకాతో మొదలు కాలేదు, మత్తుమందుతో మొదలైంది.

క్లోరోఫాం అనే మత్తుమందును 1847లో స్కాట్లండులో ఎడింబరో నగరపు డాక్టరు సింప్సన్ వాడుకలోకి తెచ్చాడు. పురుళ్ళ డాక్టరు ఆయన. ప్రసవవేదన పడే తల్లులకు అది వరమే అయింది. కాని ఏడాదైనా తిరక్కుండానే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్ల కాలి గోరు తీయించుకోవటానికి క్లోరోఫాం పీల్చి, కొద్ది నిమిషాలలోనే ప్రాణం విడిచింది. ఆ పిల్ల మరణం మీద బహిరంగంగా విచారణ జరిగింది, పత్రికలలో వచ్చింది. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ పేరు మనకు తెలిసింది. అప్పటినుంచి డాక్టర్లలో పెద్ద వాదం లేచింది. క్లోరోఫాం మనిషిని చంపేది గుండె ఆపా, ఊపిరి ఆపా? గుండె అనేవారు లండనులో, ఊపిరి అనేవారు ఎడింబరోలో. ఇదేదో పండితుల పేచీ అని తోసెయ్యకండి. మత్తు ఇచ్చేవాళ్ళు రోగి నాడి పట్టుకు కూర్చోవాలా, ఊపిరి గమనిస్తూ ఉండాలా అన్నది దీని మీదే ఆధారపడి ఉంది మరి!

ఆ వాదం తేల్చటానికి పూనుకున్నది ఎక్కడనుకున్నారు? మన హైదరాబాదులో. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1846లో మొదలైన హైదరాబాదు వైద్య పాఠశాలకు ఆ రోజుల్లో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు ప్రిన్సిపాలు. ఊపిరి గమనిస్తూ మత్తు ఇస్తే ప్రమాదం లేదని ఆయన గట్టి నమ్మకం. 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పడి కుక్కల మీద ప్రయోగాలు చేసింది. ఫలితాలను లండను పెద్దలు ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఒక పని చేసింది. "మామాట నమ్మకపోతే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది" అన్నట్టుగా, లండనులోని లాన్సెట్ పత్రికకు వెయ్యి పౌన్లు ఇవ్వజూపింది. ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన డాక్టరు 1889లో హైదరాబాదు వచ్చాడు. రెండవ కమిషన్ ఆరు వందలకు దగ్గరగా ప్రయోగాలు చేసింది. పాపం, మూగజీవాలు ఎన్నో బలయ్యాయి. చివరికి ఊపిరే ముందు ఆగుతుందని తేల్చారు.

ఆ వైద్య పాఠశాలలోనే 1885లో కొందరు ఆడపిల్లలు చేరారు. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ యువతి క్లోరోఫాం ఇవ్వటంలో ఆరితేరి, హైదరాబాదు ఆసుపత్రులలో ఎందరికో మత్తు ఇచ్చింది. 1909లో పైచదువుకు ఎడింబరో వెళ్ళింది. ప్రపంచంలోనే తొలినాటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరని ఇవాళ ఆమె పేరు తలుచుకుంటారు. ఘోషా రోజుల్లో ఆడది ఇంత పని చేసిందంటే మనం గర్వపడవద్దూ!

ఐతే అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. హైదరాబాదు కమిషన్ చేసిన నిర్ణయం పూర్తిగా నిజం కాదు. తక్కువ మోతాదు క్లోరోఫాం ఇచ్చినప్పుడు గుండె అదుపు తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. మరి అంత ఖర్చూ, అంత శ్రమా వృథాయేనా? కానే కాదు. నిజాం ప్రభుత్వం 1891లో ఆ కమిషన్ నివేదికను పెద్ద పుస్తకంగా అచ్చు వేయించింది. తీర్పు ఒక్కటే అచ్చు వేసి ఊరుకోలేదు. రక్తపుపోటు ఎలా పడింది, ఊపిరి ఎలా తగ్గింది అని యంత్రం గీసిన గీతలను కూడా అచ్చొత్తించింది. నమ్మనివారు ఆ గీతలే ముందు పెట్టుకుని పరీక్షించారు, తప్పులు పట్టారు. తప్పుడు నిర్ణయాన్ని కూడా దిద్దుకోగలిగే వీలు దొరికిందంటే అది తెరిచిన పద్దు చలవే. 1908 మూసీ వరదల్లో ఆ పాత ఆసుపత్రి పోయింది, ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాల భవనం ఆ తర్వాత లేచింది. కాని ఆ గీతల పుస్తకం మాత్రం మిగిలింది.

ఇక టీకా సంగతికి వద్దాం. పద్దు మూసిపెడితే ఏమవుతుందో చెప్పే కథ పంజాబులో జరిగింది. దాని ముగింపులో మన సికిందరాబాదు పరిచయస్తుడొకాయన ఉన్నాడు.

1896 నుంచి దేశాన్ని ప్లేగు పట్టి పీడించింది. బొంబాయిలో హాఫ్కిన్ అనే శాస్త్రజ్ఞుడు 1897లో ప్లేగు టీకా తయారుచేసి, మొదట తనకే పొడుచుకున్నాడు. తర్వాత లక్షలమందికి వేశారు. 1902 అక్టోబరు 30న పంజాబులో ముల్కోవాల్ అనే ఊళ్ళో 107 మందికి టీకాలు వేశారు. వారం దాటిందో లేదో, వారిలో 19 మందికి ధనుర్వాతం వచ్చింది. పంతొమ్మిది మందీ చనిపోయారు. దేశమంతా గగ్గోలెత్తింది. టీకా అంటేనే జనం పారిపోయారు. తప్పంతా బొంబాయి ప్రయోగశాలదే అని విచారణ సంఘం అనుకుంది. హాఫ్కిన్‌ను పదవి నుంచి తప్పించారు. ఐతే ఆ విచారణ కాగితాలు ఎవరికీ చూపించలేదు. నాలుగేళ్ళు బీరువాలో మగ్గాయి. 1906 చివర్లో గాని గెజెట్‌లో అచ్చు కాలేదు.

అచ్చయ్యాక చదివినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. చచ్చిపోయిన పంతొమ్మిది మందికీ టీకా ఒకే సీసాలోది! అదేరోజు మిగతా సీసాల మందు పడినవారికి ఏమీ కాలేదు. ఆ సీసా మూత తీసేటప్పుడు పట్టకారు నేలమీద పడిందనీ, దాన్ని సరిగా శుద్ధి చెయ్యకుండానే వాడారనీ సాక్ష్యం ఆ కాగితాలలోనే ఉంది. ధనుర్వాతపు క్రిములు మట్టిలో ఉంటాయని మనకు తెలుసు గదా! మందు ప్రయోగశాలలోనే చెడిపోయి ఉంటే సీసా తెరవగానే కుళ్ళు వాసన కొట్టాలి. అలాంటి వాసనేదీ లేదని వేసినాయన చెప్పాడు. ఈ కాగితాలు పట్టుకుని హాఫ్కిన్ పక్షాన పోరాడినవారిలో ముఖ్యుడు రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా జాడ కనిపెట్టినాయన ఈయనే. 1907లో రాస్, మరికొందరు శాస్త్రజ్ఞులు కలిసి లండను టైమ్స్ పత్రికలో ఉత్తరం ప్రకటించారు. హాఫ్కిన్‌కు నిందపోయింది, మళ్ళీ కొలువు దొరికింది. కాని ఆ నాలుగేళ్ళూ భయపడి టీకా మానేసి ప్లేగుకు బలైనవారి సంగతి ఎవరు చూశారు? పద్దు మూసిపెడితే దోషి తప్పించుకోవటమే కాదు, నిర్దోషి కూడా చిక్కుకుంటాడు. జనం మటుకు భయంతో చస్తారు.

ఇలాంటిదే మన నగరంలో కూడా జరిగింది. 2019 మార్చిలో నాంపల్లి ఆరోగ్య కేంద్రంలో పసిబిడ్డలకు టీకాలు వేశారు. జ్వరం వస్తే వెయ్యమని ఇచ్చే పారాసెటమాల్‌కు బదులు ట్రామడాల్ అనే గట్టి నొప్పి మాత్రలు పొరపాటున తల్లుల చేతికిచ్చారు. బిడ్డలు మగతలోకి జారిపోయారు. నీలోఫర్ ఆసుపత్రి నిండిపోయింది, ప్రాణనష్టమూ జరిగింది. మొదట అందరూ "టీకా వికటించింది" అనే అన్నారు. విచారించి మాత్ర పేరు బయటపెట్టబట్టి అసలు కారణం తెలిసింది. టీకాది కాదు తప్పు, మాత్రది. ఆ సంగతి అడిగి తెలుసుకోకుండా దాచేసి ఉంటే నాంపల్లి చుట్టుపక్కల ఎంతమంది తల్లులు ఆ తర్వాత టీకా వేయించేవారు చెప్పండి?

ఇప్పుడు ఖమ్మం కథ. ఇది కాస్త బాధపెట్టే కథ. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంలోనూ చుట్టుపక్కల మండలాలలోనూ, పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖ కేన్సరు రాకుండా ఒక టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పథకమది. అందులో చాలామంది గిరిజనుల పిల్లలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు కొందరు పిల్లలు చనిపోయారన్న వార్త పొక్కింది. మహిళా సంఘాలవారు 2010 మార్చిలో భద్రాచలం వెళ్ళి ఆ పిల్లలను, తల్లిదండ్రులను కలిశారు. వచ్చి చెప్పినదాకా మనలాంటి వాళ్ళకు ఏమీ తెలియదు. 2010 ఏప్రిల్లో పథకం ఆపేశారు. గుజరాతులోని వడోదరాతో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారని తేలింది.

ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ మరణాలకు టీకా కారణం కాదంది. ఒక పిల్ల నీళ్ళలో పడి, ఒక పిల్ల పాము కరిచి, ఇలా వేర్వేరు కారణాలు చెప్పింది. అది నిజమే కావచ్చు. కాని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చదివితే గుండె కలుక్కుమంటుంది. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాలలో 2,763 మీద సంతకం చేసింది కన్నవాళ్ళు కాదు, హాస్టలు వార్డెన్లు. 1,948 మీద ఉన్నవి వేలిముద్రలు. టీకా వేశాక పిల్లలకు ఏమైనా అయితే వెంటనే పట్టుకుని రాసే ఏర్పాటు సరిగా లేదనీ ఆ సంఘం తప్పు పట్టింది. చూశారా! టీకా మంచిదో చెడ్డదో తర్వాత సంగతి. పద్దే సరిగా రాయనప్పుడు, "టీకావల్ల కాదు" అన్న మాట నిజమైనా సరే, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎలా నమ్ముతుంది? ఆ టీకా చాలా దేశాలలో ఆడపిల్లలకు మేలు చేసింది. ఐనా ఖమ్మం పేరు చెబితే మన దేశంలో ఏళ్ళ తరబడి దాని మాట ఎత్తటానికి జంకారు.

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ కూడా మన ఊళ్ళోనే ఉంది. పోలియో చుక్కలలో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది. ఎంతో అరుదుగా అది రూపు మార్చుకుని బలం పుంజుకుంటుంది. అందుకనే మూడు రకాలలో రెండో రకాన్ని 2016 ఏప్రిల్లో చుక్కలలోంచి తీసేశారు. అదే ఏడాది జూన్‌లో అంబర్‌పేట మురుగునీటిని పరీక్షిస్తే, టీకాలోంచి పుట్టిన ఆ రెండో రకం వైరస్ కనిపించింది. దాచవచ్చు. "జనం బెదిరిపోతారు, చుక్కలు మానేస్తారు" అని సాకు చెప్పవచ్చు. అలా చెయ్యలేదు. సంగతి బయటపెట్టి, జూన్ 20 నుంచి వారం రోజులు హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో మూడు లక్షలమంది పిల్లలు లక్ష్యంగా ఇంజెక్షను టీకా వేశారు. ఎందుకు వేస్తున్నారో చెప్పారు గనకనే తల్లులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు.

పద్దు తెరిచిపెట్టటం ఇతర దేశాలలో కూడా దెబ్బ తిన్నాకనే వచ్చింది. గర్భిణుల వికారానికి ఇచ్చిన థాలిడోమైడ్ మాత్రవల్ల కాళ్ళూ చేతులూ సరిగా లేని బిడ్డలు పుట్టారు. 1961లో ఆ మందు ఆపేశారు. ఆ తర్వాత 1964లో బ్రిటనులో పసుపు కార్డు పద్ధతి పెట్టారు. మందు చెరుపు చేసిందనుకుంటే డాక్టరు ఆ కార్డు రాసి పంపాలి. 2005 నుంచి రోగులే రాయవచ్చునన్నారు. అమెరికాలో 1990 నుంచి టీకాల తర్వాత కలిగే ఇబ్బందులను ఎవరైనా రాయవచ్చు, ఆ లెక్క ఎవరైనా చూడవచ్చు. మన దేశంలో మందుల దుష్ఫలితాలను కనిపెట్టే జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది.

మన న్యాయస్థానం మాట కూడా చెప్పాలి. కోవిడ్ రోజులు ఇంకా మరిచిపోలేదు గదా! 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి. ఒక టీకా మన హైదరాబాదు పక్కన జీనోమ్ వ్యాలీలోనే తయారైంది. 2022 జూలై నాటికి దేశంలో 200 కోట్ల మోతాదులు దాటాయి. జేకబ్ పులియెల్ అనే పిల్లల డాక్టరు సుప్రీంకోర్టుకు వెళ్ళి, పరీక్షల వివరాలూ దుష్ఫలితాల వివరాలూ ప్రజలకు చూపాలని కోరారు. 2022 మే 2న తీర్పు వచ్చింది. ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తులలో ఒకరు మన తెలుగువారు ఎల్. నాగేశ్వరరావుగారు. టీకా పథకాన్ని కోర్టు తప్పు పట్టలేదు. ఎవరికీ బలవంతంగా సూది పొడవరాదంది. మామూలు మనుషులు, ప్రైవేటు డాక్టర్లు కూడా దుష్ఫలితాలు తెలిపే వీలుండాలనీ, ఆ నివేదికలు పేర్లు బయటపడకుండా అందరూ చూసేలా పెట్టాలనీ కేంద్రాన్ని ఆదేశించింది.

ఐతే అక్కచెల్లెళ్ళారా, పద్దు తెరిచినంత మాత్రాన సరిపోదు. దాన్ని చదవటం కూడా రావాలి. మన పెద్దలు కాకతాళీయం అన్నారు. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి బరువుకే పండు పడిందా? పండటంవల్ల పడిందా? టీకా వేయించిన రెండో రోజున బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే, టీకావల్ల కావచ్చు, నీళ్ళవల్ల కావచ్చు. కోట్లమందికి వేసినప్పుడు, వేయించుకున్న మర్నాడు ఏ సంబంధమూ లేని జబ్బు వచ్చేవాళ్ళు కూడా కొందరుంటారు. అంచేత "ఇన్ని ఫిర్యాదులొచ్చాయి" అన్న అంకె చూసి "ఇంతమందిని టీకా చంపింది" అనుకోకూడదు. టీకా వేయించుకున్నవారిలో ఆ జబ్బు మామూలుకంటె ఎక్కువ మందికి వచ్చిందా, ఒకే ఊళ్ళో, ఒకే సీసావల్ల వచ్చిందా అని పోల్చి చూడాలి. ముల్కోవాల్‌లో నిజం తేలింది అలాగే. కొందరు పెద్దలు "ఈ ఆడవాళ్ళకు అంకెలు అర్థం కావు, చూపిస్తే బెదిరిపోతారు" అంటారు. నెల జీతంతో నెలంతా ఇల్లు గడిపేవాళ్ళకు అంకెలు అర్థం కావట! దాచినప్పుడు కలిగే బెదురు కంటె, చూపినప్పుడు కలిగే బెదురు ఎప్పుడూ తక్కువే.

మరి మనం చెయ్యవలసిందేమిటి? టీకా కార్డు పారెయ్యకండి. వేసిన తేదీ, టీకా పేరు, వీలైతే సీసా మీది బ్యాచి నంబరు రాయించుకోండి. వెంట ఇచ్చే మాత్ర పేరు అడిగి, అట్ట మీద చదివి మరీ తీసుకోండి. కొంచెం జ్వరం, సూది గుచ్చినచోట వాపు మామూలే. అంతకు మించి ఏదైనా కనిపిస్తే ముందు బిడ్డను ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, తర్వాత టీకా వేసిన నర్సమ్మకూ ఆశా కార్యకర్తకూ చెప్పి, రాయించండి. వాళ్ళు రాసినది డాక్టరుకు, అక్కడినుంచి జిల్లా టీకాల అధికారికి, రాష్ట్ర, జాతీయ సంఘాలకూ చేరాలి. 1800-180-3024 అనే నంబరుకు డబ్బు ఖర్చు లేకుండా ఫోను చేసి, మందుల దుష్ఫలితాలు మనమే చెప్పవచ్చు. అందుకు తెలుగులో ఫారం కూడా ఉంది. చెప్పాక ఊరుకోకండి. "మా బిడ్డ సంగతి ఏమని తేల్చారమ్మా?" అని మళ్ళీ వెళ్ళి అడగండి.

మశూచిని మన దేశం నుంచి తరిమింది టీకా. పోలియోను తరిమింది టీకా. వాటిని మానుకోమని నేను చెప్పటం లేదు, వేయించమనే చెబుతున్నాను. ఐతే వేసేవారు పద్దు చూపాలి, వేయించుకునేవారు పద్దు అడగాలి. అడగందే అమ్మైనా పెట్టదన్నారు. ఇక్కడ అడగవలసింది అమ్మలే గనక, మరింత గట్టిగా అడగాలి.